సైనికుల కోసం లింకన్‌తో వాదించిన గవర్నరమ్మ

ఆమె గవర్నర్ భార్యగా ఉన్నది నాలుగు నెలలు కూడా కాదు. ఆ తర్వాత భర్త లేడు, హోదా లేదు. ఓటు హక్కు అసలే లేదు. అయినా అమెరికా అంతర్యుద్ధం మధ్యలో నేరుగా అధ్యక్షుడు అబ్రహం లింకన్ దగ్గరికి వెళ్లింది. ఆయన కుదరదన్న కోరికనే మళ్లీ మళ్లీ అడిగింది. ఔననిపించుకున్నాకే వెనక్కి తిరిగింది. వందల మైళ్ల దూరంలో జ్వరాలతో చచ్చిపోతున్న సైనికులకు సొంతగడ్డ మీద ఆసుపత్రులు తెచ్చిపెట్టిన కార్డీలియా హార్వే కథ ఇది.

1862 ఏప్రిల్ 19. చీకటి పడి చాలాసేపయింది. టెనెసీ నది మీద సవానా రేవులో విస్కాన్సిన్ గవర్నర్ లూయీ హార్వే తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యాడు. ఆయన ఎక్కాల్సిన ఆవిరి పడవ, అప్పటికి తానున్న పడవ పక్కకు వచ్చి ఆగుతోంది. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి అడుగు వేయబోయి కాలు జారి నదిలో పడిపోయాడు. ప్రవాహం వేగంగా ఉంది. పక్కనున్నవాళ్లు ఎంత ప్రయత్నించినా దక్కలేదు. కొన్ని రోజుల తర్వాత ఎన్నో మైళ్ల దిగువన శవం దొరికింది. ఆయన వయసు 41. గవర్నర్‌గా ప్రమాణం చేసింది ఆ జనవరిలోనే.

ఆయన అంతదూరం వెళ్లింది గాయపడ్డ సైనికులను చూడ్డానికి. ఏప్రిల్ 6, 7 తేదీల్లో టెనెసీలోని షైలో దగ్గర ఉత్తర, దక్షిణ సైన్యాలు తలపడ్డాయి. రెండు రోజుల్లో రెండు వైపులా కలిపి చనిపోయిన, గాయపడ్డ, కనిపించకుండా పోయిన వాళ్ల సంఖ్య 23 వేలు దాటింది. అమెరికా గడ్డ అంతకు ముందు అంత నెత్తురు చూడలేదు. విస్కాన్సిన్ నుంచి వెళ్లిన 14, 16, 18వ రెజిమెంట్లు ఆ పోరులో ఉన్నాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు చాలామందికి అదే మొదటి యుద్ధం. వార్త తెలియగానే హార్వే ప్రజలకు పిలుపునిచ్చాడు. పట్నాలు, పల్లెలు కలిసి దుప్పట్లు, గుడ్డలు, మందులు, తినుబండారాలు పెట్టెలకొద్దీ పోగుచేసి ఇచ్చాయి. డాక్టర్లను వెంటబెట్టుకుని, దారిలో ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఆగి, తన రాష్ట్రపు కుర్రాళ్లను పేరుపేరునా పలకరించాడు. చనిపోవడానికి రెండు రోజుల ముందు భార్యకు రాసిన ఉత్తరంలో, ఇక్కడికి రావడం తన జీవితంలోనే గొప్ప పని అనిపిస్తోందని సంతోషపడ్డాడు.

ఆ ఉత్తరం అందుకున్న భార్యే కార్డీలియా. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు.

బడిపంతులమ్మ నుంచి...

కార్డీలియా పెరీన్ 1824 డిసెంబరు 8న న్యూయార్క్ రాష్ట్రంలోని బారీ అనే ఊళ్లో పుట్టింది. ఆ రోజుల్లో కొత్త భూములు, కొత్త బతుకు వెతుక్కుంటూ తూర్పు రాష్ట్రాల కుటుంబాలు పడమటికి కదిలేవి. పెరీన్ కుటుంబం కూడా విస్కాన్సిన్‌లో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న కెనోషాకు చేరింది. అప్పట్లో దాని పేరు సౌత్‌పోర్ట్. అక్కడ ఆమె పిల్లలకు చదువు చెప్పింది. లూయీ హార్వే కనెటికట్‌లో పుట్టి, ఒహాయోలో చదువుకుని, 1841లో ఆ ఊరొచ్చి బడి పెట్టాడు, పత్రిక నడిపాడు. ఇద్దరికీ 1847లో పెళ్లయింది.

తర్వాత వాళ్లు రాక్ కౌంటీకి మారారు. షాపియేర్ అనే ఊళ్లో హార్వే నది ఒడ్డున ఉన్న సారా బట్టీని కొన్నాడు. దాన్ని పడగొట్టించి ఆ చోటే పిండిమర కట్టించాడు. విస్కాన్సిన్‌కు రాష్ట్ర హోదా తెచ్చిన రాజ్యాంగ సభలో సభ్యుడయ్యాడు. తర్వాత రాష్ట్ర సెనేటర్, రాష్ట్ర కార్యదర్శి, చివరికి గవర్నర్. ఈ పదిహేనేళ్లూ కార్డీలియా చాలామంది రాజకీయ నాయకుల భార్యల్లాగే ఆయన వెనకే ఉంది. చరిత్రలో ఆమె పేరు విడిగా రాయాల్సిన సందర్భం రాలేదు. సవానా రేవులో జరిగిన ప్రమాదమే లేకపోతే ఎప్పటికీ వచ్చేది కాదేమో!

సంతాపం ముగిసింది... పని మొదలైంది

హార్వే స్థానంలో లెఫ్టినెంట్ గవర్నర్ ఎడ్వర్డ్ సాలమన్ పగ్గాలు చేపట్టాడు. కొన్ని నెలలకు కార్డీలియా ఆయన దగ్గరికి వెళ్లి తనకో పని కావాలంది. భర్త ఏ పని మీద వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడో ఆ పనే తనకు అప్పగించమంది. 1862 సెప్టెంబరులో సాలమన్ ఆమెను సెయింట్ లూయిస్‌లో విస్కాన్సిన్ తరఫున శానిటరీ ఏజెంటుగా నియమించాడు.

ఈ ఏజెంటు చేయాల్సిందేమిటంటే, సైన్యం ఆసుపత్రులన్నీ తిరిగి తమ రాష్ట్రపు సైనికులు ఎవరెవరు ఏ మంచం మీద ఉన్నారో జాబితా రాసుకోవాలి. ఇళ్ల నుంచి వచ్చిన దుప్పట్లు, బట్టలు, ఆహారం వాళ్లకు అందేలా చూడాలి. రాయలేనివాళ్ల తరఫున ఉత్తరాలు రాయాలి. చనిపోయినవాళ్ల కబురు ఇంటికి చేరవేయాలి. అన్నిటికన్నా కష్టమైంది ఇంకోటుంది. ఇక సైన్యంలో పనికిరాడని తెలిసినా కాగితాలు కదలక మంచంలోనే మగ్గుతున్నవాళ్లకు డిశ్చార్జి ఇప్పించడం. అందుకు సర్జన్ల చుట్టూ, అధికారుల చుట్టూ తిరగాలి. ఒక సంతకం ఒకరోజు ఆలస్యమైతే ఒక ప్రాణం పోయే పరిస్థితి.

సెయింట్ లూయిస్ నుంచి మిసిసిపీ నది వెంట కేప్ జిరార్డో, హెలీనా, మెంఫిస్‌ల దాకా ఆమె తిరిగింది. అవి ఆసుపత్రులుగా కట్టినవి కావు. గోదాములు, చర్చిలు, బళ్లు, పడవలు... ఏది దొరికితే అందులో మనుషుల్ని వరసగా పడుకోబెట్టేవాళ్లు. తూటా దెబ్బ తగిలినవాళ్లకన్నా జ్వరం, నీళ్ల విరేచనాలు, టైఫాయిడ్‌తో పడున్నవాళ్లే ఎక్కువ. సైన్యంలో చేరేటప్పుడు దుక్కలా ఉన్న రైతు కుర్రాడు కొన్ని నెలల్లో ఎముకల గూడయ్యేవాడు. ఇంటి దగ్గర్నుంచి ఒక మనిషి వచ్చి, తన ఊరి పేరు పలికితే చాలు, ఆ మొహాల్లో వెలుగొచ్చేది. సైనికులు ఆమెను విస్కాన్సిన్ దేవత అని పిలుచుకున్నారు.

ఆ యుద్ధం లెక్కలు చూస్తే ఆమె ఎందుకంత తపించిందో అర్థమవుతుంది. ఉత్తరాది సైన్యంలో దాదాపు మూడు లక్షల అరవై వేల మంది చనిపోయారు. అందులో మూడింట రెండొంతుల మందిని పొట్టనబెట్టుకున్నది రోగాలే. విస్కాన్సిన్ చిన్న రాష్ట్రం. అక్కడి నుంచి 91 వేల మంది యుద్ధానికి వెళితే 12 వేల మందికి పైగా తిరిగి రాలేదు. వాళ్లలోనూ ఎక్కువమంది చనిపోయింది మంచాల మీదే.

మందులో లేనిది గాలిలో ఉంది!

1863 తొలి నెలల్లో ఉత్తరాది జనరల్ గ్రాంట్ సైన్యం విక్స్‌బర్గ్ కోటను పట్టుకోవడానికి మిసిసిపీ నదికి ఆవలి ఒడ్డున, లూసియానాలోని యంగ్స్ పాయింట్ చుట్టుపక్కల దిగింది. అదంతా బురద నేల, ఎటుచూసినా ముంపు. కాస్త ఎత్తుగా, పొడిగా ఉన్నది నది కరకట్ట ఒక్కటే. బతికినవాళ్లు గుడారాలు వేసుకున్నదీ దానిమీదే, చనిపోయినవాళ్లను పాతిపెట్టిందీ దాంట్లోనే. కార్డీలియా అక్కడికీ వెళ్లింది. సైనికులను పడేసిన జ్వరం ఆమెనూ పడేసింది.

ఎన్ని మందులు వాడినా దక్షిణాదిలో ఉన్నంతకాలం తగ్గలేదు. ఉత్తరానికి, న్యూయార్క్‌కు వెళ్లి కొన్ని నెలలుంటే కోలుకుంది. తన ఒంటిమీద రుజువైన సంగతి ఆమెకు దారి చూపింది. చల్లటి ఉత్తరాది పల్లెల్లో పుట్టి పెరిగిన కుర్రాళ్లను ఆ చిత్తడి నేలల్లోనే ఉంచి వైద్యం చేస్తే ఏం లాభం? వాళ్లను సొంత రాష్ట్రాలకు తీసుకెళ్లి అక్కడి ఆసుపత్రుల్లో పెడితే బతుకుతారు కదా!

ఆనాటి డాక్టర్లు ఇలాంటి మలేరియా జ్వరాలకు చిత్తడి నేలల మీది చెడుగాలే కారణమనుకునేవారు. కార్డీలియా నమ్మిందీ అదే. అసలు కారణం దోమ. ఆ సంగతి తేల్చింది మన గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అప్పటికి కార్డీలియా చనిపోయి రెండేళ్లు దాటింది. ఆమెకు కారణం తెలియకపోయినా, చేయాల్సిన పని మాత్రం సరిగ్గానే తట్టింది. రోగిని దోమలకు, కలుషితమైన నీళ్లకు దూరంగా తీసుకెళితే జబ్బు మళ్లీ సోకే అవకాశం తగ్గుతుంది. కడుపునిండా మంచి తిండి, శుభ్రమైన పడక, ఇంటివాళ్ల పలకరింపు తోడైతే ఒళ్లు కోలుకుంటుంది.

సైన్యాధికారులకు ఇది సుతరామూ నచ్చలేదు. వాళ్ల భయమల్లా ఒక్కటే. ఒకసారి ఇంటి గాలి తగిలితే సైనికుడు మళ్లీ యుద్ధానికి రాడు, పారిపోతాడు. వాళ్ల భయంలో కొంత నిజమూ ఉంది. అందుకే ఉత్తరాదిలో ఆసుపత్రులు కావాలన్న విన్నపాలు వచ్చినవి వచ్చినట్టే వెనక్కి వెళ్లిపోయేవి.

వైట్‌హౌస్‌లో వాదన

1863 సెప్టెంబరులో కార్డీలియా వాషింగ్టన్ బయల్దేరింది. చేతిలో విన్నపం ఉంది. దాని కింద వేలమంది విస్కాన్సిన్ ప్రజల సంతకాలున్నాయి. లింకన్‌తో జరిగిన సంభాషణలను ఆమె తర్వాతి కాలంలో ఉపన్యాసం కోసం వివరంగా రాసుకుంది. ఇక్కడ చెప్పే విషయాలు ఆ రాతలోవే.

ఆమె వెళ్లేసరికి లింకన్ గదిలో ఒంటరిగా ఉన్నాడు. అంత పొడుగు మనిషి కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. మొహంలో అలసట, కళ్లలో దిగులు. ముందటేడు ఫిబ్రవరిలోనే పదకొండేళ్ల కొడుకు విల్లీని జ్వరంతో పోగొట్టుకున్న తండ్రి ఆయన. ఆమె తెచ్చిన ఉత్తరం చదివి, ఈ ఉత్తరాది ఆసుపత్రుల గొడవ ఎప్పుడో తేలిపోయిందనుకున్నానే అన్నాడు. సరే, చెప్పాలనుకున్నది చెప్పమన్నాడు.

ఆమె చెప్పింది సూటిగా ఉంది. ఇప్పుడు జబ్బుపడ్డవాళ్లను ఉత్తరానికి రానిస్తే, ఏడాది తిరిగేసరికి మీ సైన్యంలో ఇవాళ ఒక ఆరోగ్యవంతుడున్న చోట పదిమంది ఉంటారు. రానివ్వకపోతే ఆ పదిమందిలో ఒక్కడూ మిగలడు, అందరూ చచ్చిపోతారు. లింకన్ అధికారుల మాటే ఎత్తుకున్నాడు. ఇళ్లకు పంపితే పారిపోతారు, అప్పుడైనా సైన్యానికి దక్కరు కదా, ఇక తేడా ఏముందన్నాడు. దానికి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. చచ్చినవాడు ఎలాగూ పోరాడలేడు, బతికినవాడు పారిపోకపోవచ్చు కదా!

విత్తనం వడ్లు కళ్లముందే పుచ్చిపోతుంటే ఊరుకుని, పంట దిగుబడి రాలేదని బాధపడ్డట్టుంది అప్పటి సైన్యం తీరు. కార్డీలియా వేలెత్తి చూపింది సరిగ్గా దాన్నే. అధ్యక్షుడికి అప్పుడు అన్నిటికన్నా అవసరమైంది సైనికులు. ఆమె ఆ అవసరం వైపు నుంచే మాట్లాడింది.

లింకన్ ఆమెను యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్ దగ్గరికి పంపాడు. ఈమె తెలివైన మనిషి, విషయం తెలిసి మాట్లాడుతోంది, వెంటనే లోపలికి రానిచ్చి వినండి అని స్వయంగా చీటీ రాసిచ్చాడు. స్టాంటన్ మర్యాదగానే విన్నాడు. సర్జన్ జనరల్‌ను తనిఖీకి పంపాను, ఆయన నివేదిక వచ్చేదాకా ఏమీ చేయలేనన్నాడు. ఆ నివేదికలో ఏముంటుందో ఆమెకు తెలుసు. మళ్లీ లింకన్ దగ్గరికే వెళ్లింది.

తర్వాతి కలయికల్లో లింకన్ అంత ఓపిగ్గా లేడు. ఒకరోజు చిరాకు పడ్డాడు. అంతకుముందు జరిగిన యాంటీటమ్ యుద్ధమప్పుడు రేషన్ జాబితాలో ఉన్నవాళ్లలో సగం మంది మాత్రమే మైదానంలో ఉన్నారనీ, అందరూ తమ చోట ఉండుంటే యుద్ధం అప్పుడే ముగిసేదనీ ఆవేదనగా చెప్పాడు. పారిపోయినవాళ్ల సంగతి ఆయనను అంతగా కుంగదీసింది. ఆమె ఆ బాధను కాదనలేదు. అయితే ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్లు అలా ఎగ్గొట్టినవాళ్లు కారనీ, మొదటి పిలుపుకే కదిలొచ్చి మిమ్మల్ని నమ్ముకున్నవాళ్లనీ గుర్తుచేసింది. నది పొడుగునా తాను చూసిన సమాధుల గురించి చెప్పింది. ఆయన మొహం పాలిపోవడం ఆమెకు కనిపించింది. పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి మీద గెలవాలన్న పంతం కన్నా, ఆయన మోస్తున్న బరువు పట్ల జాలే ఆమె రాతలో ఎక్కువగా ఉంటుంది.

చివరికి లింకన్ ఒప్పుకున్నాడు. విస్కాన్సిన్‌లో ఆసుపత్రికి ఉత్తర్వు ఇచ్చానని చెప్పగానే ఆమెకు మాట రాలేదు, ఏడ్చేసింది. కాదనుంటే కోపం తెచ్చుకునేదానివేమో అని ఆయన అడిగాడు. లేదు, రేపు ఉదయం తొమ్మిదింటికి మళ్లీ ఇక్కడే ఉండేదాన్ని అంది. లింకన్ పెద్దగా నవ్వాడు. ఇంత పెద్ద పని చేతిలో ఉన్నప్పుడు కోపానికి తీరిక ఎక్కడుంటుందన్నది ఆమె మాటల సారం.

ఆసుపత్రికి ఆమె పేరే పెడదామన్నాడు లింకన్. తన పేరు వద్దంది. మీకు అభ్యంతరం లేకపోతే నా భర్త పేరు పెట్టండని కోరింది. అలా అది హార్వే అమెరికా ఆర్మీ జనరల్ హాస్పిటల్ అయింది.

ఎనిమిది గోడల భవనం

విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో మోనోనా సరస్సు ఒడ్డున మాజీ గవర్నర్ లెనర్డ్ ఫార్వెల్ కట్టించిన ఇల్లొకటి ఉండేది. ఎనిమిది పలకలుగా, మూడంతస్తులుగా రాతితో కట్టిన భవనం. 1857 నాటి ఆర్థిక సంక్షోభంలో ఫార్వెల్ ఆస్తి తుడిచిపెట్టుకుపోయింది. 1863 అక్టోబరులో ఆ ఇల్లే హార్వే ఆసుపత్రిగా మారింది. సరస్సు గాలి, వెలుతురు, విశాలమైన గదులు... కార్డీలియా కోరుకున్నవన్నీ అక్కడున్నాయి. తర్వాత మిల్వాకీ, ప్రెయిరీ డు షీన్‌లలోనూ సైనికుల ఆసుపత్రులు వచ్చాయి. ఒక ఉత్తర్వు కోసం వెళ్లిన మనిషి తన రాష్ట్రానికి మూడు ఆసుపత్రుల దారి తెరిచింది.

  

ఉత్తర్వు సాధించాక కార్డీలియా ఇంటిపట్టున కూర్చోలేదు. తిరిగి మిసిసిపీ వైపే వెళ్లింది. యుద్ధం ముగిసేదాకా ఆ మంచాల మధ్యే పనిచేసింది.

తండ్రులు రాని ఇళ్లు

యుద్ధం ఆగింది. వేల ఇళ్లకు తండ్రులు రాలేదు. కొన్నిచోట్ల తల్లులూ లేరు. దక్షిణాది నుంచి వచ్చేటప్పుడు కార్డీలియా కొందరు అనాథ పిల్లలను తనతో మాడిసన్‌కు తీసుకొచ్చింది. హార్వే ఆసుపత్రిలో ఇక సైనిక రోగులు లేరు, భవనం ఖాళీ అవుతోంది. దాన్ని సైనికుల పిల్లల ఆశ్రమంగా మారుద్దామని పట్టుబట్టింది. ప్రజలు చందాలిచ్చారు. 1866 జనవరి 1న ఆశ్రమం మొదలైంది. ఆ వసంతంలోనే రాష్ట్ర ప్రభుత్వం దాని బాధ్యత తీసుకుంది. మొదటి సూపరింటెండెంట్ కార్డీలియానే. ఒకప్పుడు కెనోషాలో పిల్లలకు అక్షరాలు నేర్పిన పంతులమ్మ, ఇప్పుడు తండ్రిలేని పిల్లలకు తిండి, బట్ట, చదువు చూసే పెద్దదిక్కయింది. 1867లో ఆ పదవి నుంచి తప్పుకుంది. తర్వాత దాదాపు ఎనిమిదేళ్లపాటు, ఆ పిల్లల తరం పెరిగి పెద్దయ్యేదాకా ఆశ్రమం నడిచింది.

1876లో ఆమె బఫెలోకు చెందిన మతబోధకుడు ఆల్బర్ట్ చెస్టర్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన ఆడపిల్లల విద్యాలయానికి పెద్ద. ఆమె అక్కడ మళ్లీ పాఠాలు చెప్పింది. ఆయన పోయాక విస్కాన్సిన్‌కు తిరిగొచ్చింది. రాక్ కౌంటీలోని క్లింటన్ ఊళ్లో 1895 ఫిబ్రవరి 27న 70 ఏళ్ల వయసులో కన్నుమూసింది. మాడిసన్‌లోని ఫారెస్ట్ హిల్ శ్మశానంలో లూయీ హార్వే పక్కనే ఆమె సమాధి ఉంది.

పలుకుబడి ఎవరికోసం?

గవర్నర్ భార్య అన్న పేరే లేకపోతే వైట్‌హౌస్ తలుపు ఆమెకు అంత తేలిగ్గా తెరుచుకునేది కాదు. ఇది ఒప్పుకోవాల్సిన మాట. ఆ రోజుల్లో ఆమెకు ఓటు వేసే హక్కు కూడా లేదు. అమెరికా మహిళలకు జాతీయ స్థాయిలో ఆ హక్కు 1920లో గానీ రాలేదు. ఆమె చేతిలో ఉన్నదల్లా చనిపోయిన భర్త పేరు, దానివల్ల మిగిలిన కాస్త పలుకుబడి. దాంతో తనకొక పింఛను, తమ్ముడికొక ఉద్యోగం, ఉండటానికొక ఇల్లు అడిగి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆమె దాన్నంతా పేరు కూడా తెలియని రైతు కుర్రాళ్ల కోసం ఖర్చు పెట్టింది.

ఆమె పని తీరులోనూ నేర్చుకోవాల్సింది ఉంది. జాలి చాలామందికి కలుగుతుంది. ఆమె ఆ జాలితో ఆగలేదు. ఏడాదిపాటు ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి చూసింది. చూసినదాన్ని లెక్కగా మార్చింది. ఆ లెక్కను నిర్ణయం తీసుకోగలిగిన ఒకే ఒక్క మనిషి ముందు పెట్టింది. కాదన్నప్పుడు తిట్టలేదు, వదల్లేదు. అధికారం ఉన్నవాళ్లతో పని చేయించుకోవాలనుకునే ఎవరికైనా ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

హార్వే ఆసుపత్రి అన్న పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది నదిలో మునిగిపోయిన గవర్నరే. ఆయన మంచివాడు, ఆ గౌరవానికి తగినవాడు. కానీ ఆ ఆసుపత్రిని సాధించింది కార్డీలియా. పేరు వద్దనుకోవడం ఆమె పెద్దమనసు. దాన్ని సాకుగా తీసుకుని ఆమెను ఎవరో ఒకరి భార్యగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం చరిత్ర రాసేవాళ్ల తప్పు. ఆ తప్పు దిద్దాల్సింది చదివేవాళ్లమైన మనమే. అంతర్యుద్ధం గురించి, లింకన్ గురించి పిల్లలకు చెప్పేటప్పుడు కార్డీలియా హార్వే పేరు కూడా చెప్పండి.